లినక్స్ పీసీకి ఏఎండీ ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డ్ కొన్నా, ఎలా ఉందంటే

మాది వైజాగ్ లాసన్స్ బే కాలనీ, సముద్రం దగ్గర అంటే వినడానికి బానే ఉంటది గానీ ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పట్టిపోతాయి, ఇంక కంప్యూటర్ ఎంత. పాత గ్రాఫిక్స్ కార్డ్ ఫ్యాన్ నెల రోజులు గరగరలాడి ఆగిపోయింది. పెద్దగా బాధ పడలేదు లెండి, దాని డ్రైవర్ కెర్నల్ (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే అసలు భాగం) బయటిది, కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ స్క్రీన్ వచ్చేదాకా గుండె దడే.

ద్వారకానగర్‌లో ఓ షాపుకెళ్తే కుర్రాడు ఏ గేమ్ ఆడతారు సార్ అన్నాడు. లినక్స్ తమ్ముడూ అంటే "అదేటి సార్, విండోస్ వేసేస్తాను" అన్నాడు. మంచోడే పాపం. కానీ మనం ముందు చూడాల్సింది ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) కాదు, డ్రైవర్ ఎక్కడుందని. ఏఎండీకి అది కెర్నల్‌లోనే ఉంటది, పైన వల్కన్, ఓపెన్‌జీఎల్ (గేమ్‌లు, యాప్‌లు కార్డ్‌తో బొమ్మలు గీయించుకునే పద్ధతులు) సంగతి మెసా అనే ఓపెన్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటది. 6600 వచ్చింది 2021లో, పాతదే, నాకు కావాల్సిందీ అదే, ఎందుకంటే నేను వాడే లినక్స్ డెబియన్ 12లో ఉన్న 6.1 కెర్నల్‌కి ఈ కార్డ్ ముందే తెలుసు, మొన్న మొన్న వచ్చిన కార్డ్ కొంటే కొత్త కెర్నల్ కోసం తిరగాలి. 8 జీబీ, 132 వాట్లు, ఒకటే 8 పిన్ కనెక్టర్, నా 450 వాట్ల ఎస్ఎంపీఎస్సే (పీసీ పవర్ సప్లై) సరిపోయింది.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి, పాత కార్డ్ పీకే ముందే ఏఎండీ ఫర్మ్‌వేర్ (కార్డ్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) ప్యాకేజీ వేసేసుకోండి, లేకపోతే సరిగ్గా లేవదు. ఆ ఫైళ్ల పేరేంటో తెలుసా, డిమ్‌గ్రే కేవ్‌ఫిష్. చేపే! వైజాగ్‌కి తగ్గ కార్డ్.

పెట్టి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేసింది. ఫ్యాన్లు తిరగట్లేదని కంగారుపడి బిల్లు వెతుక్కున్నా, తీరా చూస్తే లోడ్ లేనప్పుడు అవి ఆగే ఉంటాయంట. మా ఇంటికి అదీ మంచిదే, ఉప్పుగాలి కాస్త తక్కువ పీలుస్తది.

4కే 120 హెర్ట్జ్ మానిటర్ ఉన్నోళ్లు డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. ఎచ్‌డీఎంఐలో అది సరిగ్గా రావాలంటే 2.1 కావాలి, దాన్ని ఓపెన్ డ్రైవర్‌లో పెడతామని ఏఎండీ అడిగితే 2024లో ఆ స్టాండర్డ్ చూసుకునే ఎచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదు, డబ్బులు పెట్టి కొన్న పోర్టుకి ఈ తద్దినం ఏంటో. ఇంట్లో ఏఐ మోడళ్లు నడపాలనుకుంటే ఇది కొనకండి, లినక్స్‌కి ఏఎండీ ఇచ్చే రాక్‌ఎమ్ (కార్డ్ మీద ఏఐ లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) సపోర్ట్ లిస్టులో 6600 లేదు, కొంతమంది అతుకులేసి నడిపిస్తున్నారు గానీ నాకంత ఓపిక లేదు బాబూ.