తెల్లవారుజామున శంషాబాద్, పదిన్నరకు దెగ్లూరు

దుబాయిలో పనిచేసే మా దెగ్లూరు తాలూకా (మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా) వాళ్లకు ఊళ్లో రిజిస్ట్రేషను పని పడితే శుక్రవారం ఒక్కటే దిక్కు. గురువారం పని ముగించుకొని రాత్రి విమానం ఎక్కితే ఒక్కరోజు సెలవుతో సరిపోతుంది, శని, ఆదివారాలు అక్కడ ఎలాగూ ఖాళీయే. మహారాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు 2020 ఫిబ్రవరి చివరి నుంచి వారానికి అయిదు రోజుల పనే. శుక్రవారం తప్పితే మళ్లీ సోమవారం. సోమవారం దాకా ఉండనిచ్చే యజమానులు గల్ఫ్‌లో ఎంతమంది ఉంటారో చెప్పనక్కర లేదు.

అన్నయ్య పేరిట మా వాటా వదులుకుంటూ అక్కా నేనూ రాసివ్వవలసిన హక్కసోడ్ పత్రం కోసం నేను అలాంటి శుక్రవారమే దిగాను. దుయ్యం నిబంధక (సబ్ రిజిస్ట్రారు) కార్యాలయంలో మా వంతు పదిన్నరకు. ముఖత్యారునామా (పవర్ ఆఫ్ అటార్నీ) రాసి పంపవచ్చు కదా అని అడిగేవాళ్లకు ఒక మాట. దాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేయాలి, కాగితం దేశంలోకి వచ్చాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ తిరుగుడంతా లెక్కవేస్తే టికెట్టు కొనడమే తేలిక. పైగా తోబుట్టువుల మధ్య పత్రానికి మనిషి ఎదురుగా ఉండి వేలిముద్ర వేస్తే తరవాత మాటలు పుట్టవు.

రాత్రి విమానంలో హాయిగా పడుకొని రావచ్చు అనేది అమెరికా నుంచి వచ్చేవాళ్ల మాట. దుబాయి నుంచి హైదరాబాదుకు మూడున్నర గంటల ప్రయాణం. గడియారం గంటన్నర ముందుకు జరుగుతుంది. అక్కడ పదింటికి బయలుదేరితే ఇక్కడ మూడు. అందులో ఎక్కడానికీ, భోజనం బండికీ, దిగడానికీ పోగా మిగిలేది కునుకు మాత్రమే. నేను విమానంలో భోజనం వద్దని ముందే చెప్పి, కిటికీ పక్క సీటు పుచ్చుకొని, కళ్లు మూసుకున్నాను. అంతకంటే పనికొచ్చింది గురువారం మధ్యాహ్నం సగం పూట అనుమతి తీసుకొని గదిలో పడుకున్న రెండు గంటలు. ఆ నిద్రే నన్ను శుక్రవారం మధ్యాహ్నం దాకా నిలబెట్టింది.

సామాను చేతి సంచి ఒక్కటే. గల్ఫ్ నుంచి చేతి సంచితో ఇంటికి వెళ్లడం మావైపు మర్యాద కాదు. చాక్లెట్లూ అత్తర్లూ టైగర్ బామ్ డబ్బాలూ లేకుండా వచ్చినవాడికి ఉద్యోగం ఊడిందనుకుంటారు. అందుకని అంతకు ముందు వారమే ఊరికి వస్తున్న స్నేహితుడి చేత ఒక పెట్టె పంపించాను. బెల్టు దగ్గర పెట్టె కోసం నిలబడే పని లేకపోవడంతో మూడుంపావుకు దిగినవాణ్ని నాలుగు దాటిన కాసేపటికే బయట ఉన్నాను.

ఇక అసలు సంగతి, శంషాబాద్ నుంచి దెగ్లూరు. దెగ్లూరుకు రైలు లేదు. ధర్మాబాదు, ఉమ్రి వాళ్లకు రైలు ఉంది గానీ, పొద్దున్నే కాచిగూడలో ఎక్కినా పదిన్నర పనికి అందదు. బస్సయితే విమానాశ్రయం నుంచి నడిచే పుష్పక్ ఎక్కి నగరంలోకి వెళ్లి, నాందేడ్ బస్సు పట్టుకోవాలి. ఖర్చు తక్కువ, బస్సులూ బాగుంటాయి. కానీ రెండో బస్సు ఎప్పుడు దొరుకుతుందో దాని మీద మీ పత్రం ఆధారపడుతుంది. గడువు ఉన్న రోజున అది నాకు నచ్చదు.

మిగిలింది కారు. ఇదివరకు ఒకసారి విమానాశ్రయంలోనే టాక్సీ మాట్లాడుకుంటే, ఆ డ్రైవరు ముందురోజు సాయంత్రం నుంచి బండిలోనే ఉన్నాడని జోగిపేట దగ్గర తెలిసింది. అతను ఆవలించినప్పుడల్లా నేను ఉలిక్కిపడుతూ, అతనితో ఏదో ఒకటి మాట్లాడుతూ కూర్చున్నాను. మద్నూరు దాటి సలాబత్‌పూర్ సరిహద్దు వచ్చేసరికి, బండికి మహారాష్ట్ర పర్మిట్ లేదని చెప్పి అక్కడే దింపేస్తానన్నాడు. బేరం చేసి ఊళ్లోకి తీసుకువెళ్లాడు, అది వేరే సంగతి. డబ్బు కంటే ఎక్కువగా పోయింది నిద్ర.

అందుకే ఈసారి కారు దెగ్లూరు నుంచే రప్పించాను. గురువారం సాయంత్రం బయలుదేరి, రాత్రి తొమ్మిదికల్లా శంషాబాద్ దగ్గర ఒక లాడ్జిలో పడుకొని, మూడింటికి లేచి వచ్చే ఏర్పాటు. లాడ్జి అద్దె నేనే ఇచ్చాను. రానుపోను కిరాయి, గది, డ్రైవరు భోజనం కలిపితే విమానాశ్రయం టాక్సీ కంటే ఎక్కువే అయింది. అయినా ఈ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో అదే సార్థకం. సరిహద్దు దాటే పర్మిట్ కాగితాన్ని ముందే ఫోనులో చూపించమన్నాను, చూపించాడు. బండి ఎక్కగానే అడిగాను.

“ఎన్ని గంటలు పడుకున్నావు తమ్ముడూ?”

“అయిదు గంటలు దాదా. మీరు పడుకోండి, నేను లేపుతాను.”

అవుటర్ రింగు రోడ్డు మీద పటాన్‌చెరు వైపు వెళ్తుండగానే నిద్ర పట్టింది. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా వెళ్లే 161వ జాతీయ రహదారి మనది. నాలుగు వరుసలు కావడంతో పాత దారిలో లాగా లారీ వెనకాల బిక్కుబిక్కుమంటూ పోవలసిన పని లేదు. ఆ వేళ తెరిచి ఉండే టీ కొట్లు మాత్రం తక్కువ. పెట్రోలు బంకుల దగ్గర మరుగుదొడ్లు ఒక చోట శుభ్రం, ఒక చోట ముక్కు మూసుకోవాల్సిందే. నిజాంపేట దాటాక తెల్లవారింది, పిట్లంలో టీ తాగాం.

అక్కడి నుంచి జుక్కల్, బిచ్కుంద పేర్లు ఉన్న బోర్డులు కనిపిస్తాయి. 1956లో రాష్ట్రాలను విభజించినప్పుడు దెగ్లూరు తాలూకా నుంచి ఆ రెండు సర్కిళ్లను తీసి తెలుగు వైపు కలిపారు, మిగతా తాలూకా నాందేడ్ జిల్లాతో పాటు బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. మా అమ్మమ్మ ఊరు అటు, నాయనమ్మ ఊరు ఇటు. తాతల నాటి కాగితాలు ఉర్దూలో, సాత్‌బారా (7/12 భూమి పత్రం) మరాఠీలో, తగవులు తెలుగులో.

ఎనిమిదికి ముందే దెగ్లూరు. నేరుగా ఇంటికి వెళ్లలేదు. ఇంటికి వెళ్తే చుట్టాలు, పలకరింపులు, భోజనం, ఇక పదిన్నర సంగతి దేవుడెరుగు. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. పెద్ద ఊళ్ల హోటళ్లలో మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు, పొద్దున్నే కావాలంటే ముందు రాత్రి అద్దె కూడా అడుగుతారు. ఇలాంటి ఊళ్ల లాడ్జీలు చాలావాటిలో వచ్చిన గంట నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క. మనలాంటివాళ్లకు అది వరం. గది గురించి గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. దుప్పటి ఉతికినదే, బకెట్‌లో వేడినీళ్లు కుర్రాడు తెచ్చిపెట్టాడు, కిటికీ కింద ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ రవాణా) బస్సుల హారన్లు. అరగంటకు అలారం పెట్టుకొని పడుకున్నాను. అంతకు మించి పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాలి, ఆ మత్తు వదలడానికి ఇంకో అరగంట. మత్తులో ఉన్నవాడు గట్ నంబర్ల (భూమి సర్వే నంబర్ల) మీద సంతకం పెట్టకూడదు. పత్రం ముసాయిదాను అన్నయ్య ముందుగానే ఫోనుకు పంపాడు, దాన్ని దుబాయిలోనే రెండుసార్లు చదివి హద్దులు సరిచూసుకున్నాను. ఆఫీసులో చదవవలసింది పాస్‌పోర్టులో నా పేరు, పత్రంలో నా పేరు ఒకేలా ఉన్నాయా అన్నదొక్కటే.

మా బావగారు నాందేడ్‌లో మంచి హోటలు చూస్తానన్నారు. హోటలు మంచిదే కావచ్చు, కానీ దెగ్లూరు దాటి సుమారు ఎనభై కిలోమీటర్లు వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. నాందేడ్ పని అయ్యాక వెళ్లవలసిన ఊరు. గురుద్వారా వారి యాత్రికుల వసతి, లంగరు (అందరికీ పెట్టే ఉచిత) భోజనం ఉన్న చోట స్టారు హోటలు దేనికి అని నా అభిప్రాయం. బావగారు ఒప్పుకోరు.

స్నానం, ఒక ప్లేటు పోహే (అటుకుల ఉప్మా), టీ. పదింపావుకు అక్కా, అన్నయ్యా, ఇద్దరు సాక్షులూ ఆఫీసు దగ్గర కలిశారు. ఫొటోలు, వేలిముద్రలు, సంతకాలు. పన్నెండులోపు బయటపడ్డాం. ఇండెక్స్-2 (రిజిస్టరైన పత్రం వివరాల సారాంశం) నకలు తీసుకోవడం అన్నయ్య పని.

మధ్యాహ్నం జొన్న రొట్టె, ఝుణకా (శనగపిండి కూర) తిని ఇంట్లో మొద్దునిద్ర పోయాను. సాయంత్రం అక్క పిల్లలతో దగ్గర్లోని హొట్టల్‌కు వెళ్లాం. చాళుక్యుల కాలపు సిద్ధేశ్వర ఆలయం అక్కడ ఉంది. గోడల మీది శిల్పాలను ఏటవాలు వెలుతురులో చూడాలి కాబట్టి సాయంత్రమే సరైన వేళ. వెళ్లేటప్పుడు నీళ్లు వెంట ఉంచుకోవడం మంచిది.

తిరుగు ప్రయాణానికి కారు పెట్టలేదు. విమానం ఆదివారం రాత్రి, కాబట్టి పొద్దున తొమ్మిదికి హైదరాబాదు బస్సు ఎక్కి పటాన్‌చెరులో దిగి, అక్కడి నుంచి టాక్సీలో రింగు రోడ్డు మీదుగా వెళ్లాను. బస్సు దారిలో ఒకచోట ముప్పావుగంట ఆగింది. ఆ రోజు నాకు తొందర లేదు.