నిజామాబాద్ లాడ్జి బిల్లు, అంకాపూర్ కోడికూర

నిజామాబాద్ వెళ్లేవారికి ముందే చెబుతున్నాను: బస్టాండుకు దగ్గర కదా అని కనబడిన లాడ్జిలో దిగకండి. అడ్వాన్సు ఇచ్చే ముందు గదిలో టీవీ వేయించి చూడండి. చెకౌట్ ఎన్ని గంటలకో రసీదు మీద రాయించుకోండి. మాకు ఫోనులో ఒక మాట చెప్పి బిల్లులో మరొకటి వేశారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

మా మేనకోడలు కరీంనగర్ జట్టులో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది, అది బేస్‌బాల్ లాంటిదే. పోటీలు నిజామాబాద్‌లో 2025 నవంబర్ 1, 2 తేదీల్లో జరిగాయి. అక్క, మేనల్లుడు, నేను ఎక్స్‌ప్రెస్ బస్సులో వెళ్లాం. అక్కకు సున్నా టికెట్, మా ఇద్దరికీ కలిపి రూ.460. ప్రయాణం హాయిగా సాగింది.

ఆ రెండు రోజులూ మాకు మామూలు రోజులు కావు. శనివారం రాత్రి 8.30కి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో బర్న్‌లీతో ఆర్సెనల్ మ్యాచ్ ఉంది. మేనల్లుడికి ఆర్సెనల్ తర్వాతే అన్నం. ఆదివారం తెల్లవారుజామున 5.30కి అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్. అది నా ఆట. ఏటా అక్టోబరు చివర్లో తెల్లవారకముందే లేచి కూర్చుంటాను. అందుకే ముందుగా ఫోను చేసి మూడు విషయాలు అడిగాను. స్పోర్ట్స్ చానళ్లు వస్తాయి అన్నారు, వైఫై ఉంది అన్నారు, చెకౌట్ ఇరవై నాలుగు గంటలు అన్నారు. అద్దె రూ.1,400, అదనపు పరుపుకు రూ.300.

శనివారం ఉదయం పది గంటలకు దిగాం. టీవీలో రెండు భక్తి చానళ్లు, ఒక వార్తా చానల్ తప్ప మరేమీ రాలేదు. రాత్రి వైఫై పాస్‌వర్డ్ అడిగితే కౌంటర్ దగ్గరి మనిషి తల ఎత్తకుండానే ‘వంద రూపాయలు’ అన్నాడు. కట్టాం. అదీ మెట్ల దగ్గర నిలబడితేనే అందుతుంది. ఆర్సెనల్ మొదటి సగంలోనే రెండు గోల్స్ కొట్టింది. రెండో సగం మొదలయ్యేసరికి ఆ సిగ్నల్ కూడా పోయింది. మ్యాచ్ 2-0తో గెలిచారని తెలిసినా పిల్లవాడు అన్నం ముందు ముభావంగానే కూర్చున్నాడు.

ఆదివారం నేను నా ఫోను డేటాతోనే చూశాను. తొమ్మిదో, అంటే చివరి ఇన్నింగ్స్‌లో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ ఒక్క పరుగు వెనుక ఉన్నారు, ఇంకో ఇద్దరు అవుటైతే కథ ముగుస్తుంది. అప్పుడు వాళ్ల మిగెల్ రోహాస్ బంతిని కంచె దాటించి, అంటే హోమ్ రన్ కొట్టి, స్కోరు సమం చేశాడు. సరిగ్గా ఆ తర్వాతే తలుపు దబదబా బాదారు: గది ఎప్పుడు ఖాళీ చేస్తారని! అదనంగా ఆడిన పదకొండో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ ఆటగాడు విల్ స్మిత్ హోమ్ రన్, చివర యమమోటో బౌలింగ్‌లో ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లే, డాడ్జర్స్ 5-4తో గెలిచారు. ముందురోజే 96 బంతులు వేసిన యమమోటో మళ్లీ వచ్చి మ్యాచ్ ముగించాడు. బేస్‌బాల్‌లో గడియారం చూసి గెలిచే వీల్లేదు, ఆఖరి అవుట్ తీయాల్సిందే. ఫుట్‌బాల్‌లో చివరి పది నిమిషాలు బంతిని మూలకు తీసుకెళ్లి కాలం గడపవచ్చు. ఈ ఒక్క కారణానికే నాకు బేస్‌బాల్ ఒక మెట్టు పైన. మేనల్లుడు ఒప్పుకోడు, ‘సగం మంది నిలబడే ఉంటారు కదా మామా’ అంటాడు.

పదింటికల్లా కిందికి దిగితే బిల్లు రూ.3,500. వారి లెక్క మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు వరకట. శనివారం పదింటికి వచ్చాం కాబట్టి ఆ రెండు గంటలకు ఒక రోజు అద్దె, అదనపు పరుపుతో సహా! వైఫై వంద మళ్లీ బిల్లులో ఉంది. అప్పుడే కట్టాం కదా అంటే రసీదు చూపించమన్నారు. అక్క కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. ‘ఫోనులో మాట్లాడిన మనిషిని పిలవండి, ఆయన వచ్చేదాకా కదలను’ అంది. ముప్పావు గంట తర్వాత రూ.3,000కు దిగారు. మాటకు కట్టుబడి ఉంటే మేము ఇవ్వాల్సింది రూ.1,700.

మైదానంలో మాత్రం మర్యాదకు లోటు లేదు. మొంథా తుపాను వానకు నేల ఆరలేదు. పీఈటీ సార్లు తామే పారలు పట్టుకుని, ఆటగాళ్లు పరుగెత్తి చేరాల్సిన బేస్‌ల చుట్టూ రంపపు పొట్టు పోశారు. టికెట్ లేదు, తల్లిదండ్రులకు కుర్చీలు వేశారు, మంచినీళ్లు ఇచ్చారు. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య దూరం 60 అడుగులే, బేస్‌బాల్‌లో 90. పరుగెత్తే పిల్ల మూడు సెకన్లలో మొదటి బేస్ చేరుతుంది కాబట్టి ఫీల్డరుకు ఆలోచించే వ్యవధి ఉండదు. నెమ్మదిగా దొర్లి వచ్చిన బంతిని మా పిల్ల గ్లవ్ లేని చేత్తో తీసుకుని, బురదలో కాలు జారుతుండగానే విసిరింది. అవుట్ అని అంపైర్ పిడికిలి ఎత్తాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. సెమీఫైనల్‌లో 4-3తో ఓడిపోయారు, అయినా ఆ విసురు చూడటానికి నేను మళ్లీ వెళ్తాను.

పక్కన చిన్నపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్యది ఈ జిల్లాయే, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్లింది. ఇలాంటి ఊళ్లో ఆట చూడటానికి వచ్చిన కుటుంబాన్ని దోచుకోవడం నాకు మింగుడు పడదు.

తిరుగుదారిలో అంకాపూర్‌లో దిగాం. గంట ముందే ఫోను చేసి నాటుకోడి చెప్పాం. అన్నంతో కలిపి రూ.850 అన్నారు, అంతే తీసుకున్నారు. కోడి మొత్తం వండి గిన్నెతో సహా ముందు పెట్టారు. కారం ఘాటుగా ఉంది, ఎముక దగ్గర ముక్క కూడా పులుసు పీల్చుకుంది. అన్నం అయిపోతే అడగకుండానే మళ్లీ తెచ్చి వడ్డించారు. రాత్రి నుంచి మాట్లాడని మేనల్లుడు అక్కడ నోరు విప్పాడు. ముగ్గురికి ఒక కోడి చాలా ఎక్కువ, నలుగురైదుగురు ఉంటే వెళ్లండి.

మెట్‌పల్లి దాటేసరికి బస్సులో సగం మంది ఫోన్లలో మహిళల క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ చూస్తున్నారు, షెఫాలీ వర్మ దంచి కొడుతోంది. ఇంటికి చేరాక అర్ధరాత్రి దాకా మేమూ చూశాం, మనవాళ్లు 52 పరుగులతో గెలిచారు.

వచ్చే ఏడాది పోటీలు మళ్లీ నిజామాబాద్‌లోనే అయితే ఆర్మూర్‌లో దిగుతాం. బస్సు ఆగినప్పుడు అక్క ఒక చోటికి వెళ్లి గది చూసి, టీవీ వేయించి మరీ వచ్చింది. అద్దె రూ.1,100, చెకౌట్ ఇరవై నాలుగు గంటలు అని వారి కార్డు వెనుక రాయించుకుంది.