కొత్త టీచర్లకు ఏది మేలు: బడి ఉన్న ఊళ్ళో గదా, ఆదోని నుంచి రాకపోకలా?

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఖాళీలు చూపింది మా ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే. సెప్టెంబరు 25న నియామక పత్రాలు అందుకున్నవాళ్ళు దసరా దాటాక బళ్ళలో చేరారు. అప్పటి నుంచి ఆదోని టౌన్ చుట్టుపక్కల కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడబూరు మండలాల వైపు పోస్టింగ్ పడిన చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ నన్ను అడిగేది ఒకటే: "అక్కా, ఊళ్ళోనే గది తీసుకోవాలా, ఆదోనిలో ఉండి తిరగాలా?"

రెండూ చేసి చూసినదాన్ని నేను. మొదటి రెండేళ్ళు ఆదోని నుంచి తిరిగాను. మూడో ఏడు జూన్‌లో బడి పక్క వీధిలో గది తీసుకున్నాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతుంది. అయినా రెండు వైపులా ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

అందరూ మొదట వేసేది డబ్బు లెక్క. ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచరు మూలవేతనం 32,670. పల్లెలో హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) 10 శాతం, అంటే నెలకు 3,267 రూపాయలు. కొత్తవాళ్ళు చాలామంది ఒకటి గమనించడం లేదు. హెచ్‌ఆర్‌ఏ మనం కాపురం ఉండే ఊరిని బట్టి రాదు, బడి ఉన్న ఊరిని బట్టి వస్తుంది. ఆదోనిలో ఇల్లు తీసుకున్నంత మాత్రాన ఆదోని రేటు ఇవ్వరు. బడి 35 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ రోజుకు 70. లీటరుకు 50 ఇచ్చే బండి మీద, పెట్రోలు 110 చొప్పున, నెలకు 22 రోజులు తిరిగితే దాదాపు 3,400 అవుతుంది. హెచ్‌ఆర్‌ఏ మొత్తం పెట్రోలుకే పోయింది, ఇంటద్దె ఇంకా కట్టనేలేదు. నేను ఊళ్ళో గదికి కడుతున్నది 1,800.

అయితే డబ్బు చూసుకుని ఎవరూ ఊళ్ళో ఉండరు, ఉండమని నేనూ చెప్పను. టౌన్లో ఉండటంలో నిజమైన సుఖాలున్నాయి. మంచి డాక్టరు దగ్గర్లో ఉంటాడు. మీ పిల్లలకు మంచి బడి ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులై ఒకరి బడి తూర్పున, ఒకరిది పడమట ఉంటే మధ్యలో టౌన్ తప్ప దారి లేదు. ఆదివారం పొద్దున వేడివేడి ఉగ్గాని, బజ్జీ తిని కాసేపు ఎవరి మేడమూ కాకుండా బజారులో తిరగొచ్చు. అది చిన్న విషయమేమీ కాదు. ఊళ్ళో ఉంటే మీరు పొద్దస్తమానం మేడమే. చీటీ చదవాలన్నా, బ్యాంకు ఫారం నింపాలన్నా మీ తలుపే తడతారు. మొదట్లో దానికి అలిసిపోయి ఏడ్చిన రాత్రులు నాకున్నాయి.

ప్రయాణం మాత్రం పైకి కనిపించేదానికన్నా బరువు. ముఖం చూపి యాప్‌లో హాజరు వేసే పద్ధతి 2022లో వచ్చింది, అప్పటి నుంచి పొద్దున ప్రతి నిమిషమూ లెక్కే. పల్లెవెలుగు బస్సు దిగి, రోడ్డు మీద షేర్ ఆటో నిండేదాకా కూర్చుని, తొమ్మిదిలోపు బడి చేరాలి. శ్రావణమాసంలో సోమ, గురువారాలు ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే జనంతో బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఆ గాభరాతో క్లాసులోకి అడుగుపెడితే మొదటి పీరియడ్ మనది కాదు. సాయంత్రం మూడున్నరకే మనసు బస్సు మీదికి పోతుంది. నాకూ పోయేది, దాచుకోను.

వీటన్నిటికంటే నేను పెద్దగా చూసేది వేరే ఉంది. మా వైపు పల్లెల్లో పెద్దవాళ్ళు పొద్దున ఏడుకే చేలకు పోతారు, చీకటి పడే వేళకు వస్తారు. బడి తొమ్మిదికి మొదలై నాలుగుకు అయిపోతుంది. అంటే టీచరు ఊళ్ళో ఉండేది, ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ ఉండని ఆ ఏడు గంటలే. టౌన్ నుంచి తిరిగే టీచరు ఎంత మంచివారైనా, ఎంత కష్టపడినా పిల్లల తల్లిదండ్రులను చూడలేరు. తల్లిదండ్రుల మీటింగుకు పిలిస్తే కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్ళు కొందరే. ఏ పిల్లల గురించి మాట్లాడాలో వాళ్ళ ఇంటివాళ్ళు మాత్రం రారు.

ఇది ఏ ఊళ్ళోనైనా నష్టమే. సుగ్గి, అంటే ఏటా కూలి కోసం వలస పోవడం, ఉన్న ఊళ్ళో మరీ పెద్ద నష్టం. వర్షాధారపు చేలు, ఒక్క పంట. అది ఇంటికొచ్చాక ఇక్కడ పని ఉండదు. పత్తి తీయడానికి తెలంగాణకు, మిరప కోయడానికి గుంటూరు వైపుకు ఇళ్ళకు తాళాలు వేసి పోతారు, ఉగాదికి తిరిగొస్తారు. పిల్లలనూ వెంట తీసుకుపోతారు.

నేను చేరిన మొదటి ఏడు నవంబరులో నాలుగో తరగతి పిల్లవాడు ఒకడు మూడు రోజులు రాలేదు. జ్వరమేమో అనుకుని గైర్హాజరు వేశాను. నాలుగో రోజు పక్కింటి పిల్ల చెప్పింది: "సుగ్గికి పోయినారు మేడం." క్లాసులో తడబడకుండా పాఠం చదివేవాడు వాడొక్కడే. ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు. చేతుల నిండా పుండ్లు, పుస్తకం తెరిస్తే గుణింతాల దగ్గర ఆగిపోతున్నాడు. వాళ్ళ అమ్మ ఎవరో, నాన్న ఎవరో ఆ ఏడాదంతా నాకు తెలియనే లేదు. వాళ్ళు బయలుదేరిన రాత్రి నేను ఆదోనిలో అన్నం తిని పడుకున్నాను.

ఊళ్ళో గది తీసుకున్న ఏడు అదే నవంబరు, కొళాయి దగ్గర బిందెలతో నిలబడి ఉంటే ఆడవాళ్ళ మాటల్లో విన్నాను. కూలీలను తీసుకుపోయే మేస్త్రి వచ్చి అడ్వాన్సులు ఇచ్చిపోయాడట, ఎల్లుండి రాత్రికి లారీ. ఆ సాయంత్రమే ఐదిళ్ళకు పోయాను. జొన్నరొట్టె తట్టుకుంటూ ఒకమ్మ అంది, "ఈడ ఇడిసిపెడితే అన్నమెవరు పెడతారు మేడం?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబుంది. వలస పోయినవాళ్ళ పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు. ఎక్కడ పెడుతున్నారో మండలంలో కనుక్కుని మరుసటి రోజు పోయి చెప్పాను. ఒకింట్లో అవ్వ మనవరాలిని తన దగ్గర ఉంచుకుంటానంది. ఆరుగురు పిల్లల్లో నలుగురు ఆగారు. ఇద్దరు పోయారు. వాళ్ళ నాన్న ఫోన్ నంబరు తీసుకున్నాను. గుంటూరు వైపు ఏ ఊళ్ళో ఉన్నారో ఆరా తీసి, దగ్గరి బళ్ళో కూర్చోబెట్టమని ఫోన్లోనే బతిమాలాను.

ఈ పని చేసింది నా మంచితనం కాదు. రెండేళ్ళ కింద కూడా నేను ఇదే మనిషిని. తేడా అల్లా, సాయంత్రం ఆరు గంటలకు ఎక్కడ ఉన్నానన్నదే. ఈ డీఎస్సీతో చేరినవాళ్ళు సరిగ్గా సుగ్గి మొదలయ్యే వేళకు బళ్ళోకి వచ్చారు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకొకటి, భాష. కర్ణాటక అంచు ఊళ్ళలో కొన్ని ఇళ్ళల్లో కన్నడమే మాట్లాడతారు. ఒకటో తరగతి పిల్లకు మన పుస్తకంలో తెలుగు కొత్త. బళ్ళో ఆ పిల్ల మౌనంగా ఉంటే తెలివి తక్కువేమో అని పొరపడ్డాను. సాయంత్రం వాళ్ళ వాకిట్లో గడగడా మాట్లాడుతుంటే అసలు సంగతి తెలిసింది. పక్కింటి ముసలమ్మ దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని, మధ్యాహ్నం భోజనాల దగ్గర "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా?) అని అడిగాను. ఆ రోజు నుంచి ఆ పిల్ల నా కొంగు వదల్లేదు.

మండల కేంద్రంలో ఉండి తిరగడం మధ్యే మార్గం. పది, పన్నెండు కిలోమీటర్లలో ఉంటే ఫరవాలేదు, వారానికి రెండు సాయంత్రాలు చీకటిపడేదాకా ఊళ్ళో ఉండగలిగితే. కర్నూలు నుంచి నలుగురు కలిసి కారులో వస్తామంటున్నారు కొందరు. పోనూ రానూ రోజుకు రెండు వందల కిలోమీటర్ల దాకా పడుతుంది. వద్దు.

చంటిబిడ్డ తల్లులకు, ఇంట్లో జబ్బుపడిన పెద్దలున్నవాళ్ళకు నేను గది తీసుకోమని చెప్పను. ఒంటరిగా ఉండాల్సిన ఆడపిల్లలైతే ముందు ఇల్లు చూడండి, ఆ తర్వాతే నిర్ణయం. మరుగుదొడ్డి ఇంటి లోపలే ఉండాలి. ఇంటివాళ్ళు అదే ఆవరణలో ఉండాలి. లోపలి గడియ మీ చేత్తో వేసి చూసుకోండి. ఇవి దొరకకపోతే టౌన్లోనే ఉండండి, అందులో తప్పేమీ లేదు. తిరిగేవాళ్ళు నెలకు కనీసం రెండు శనివారాలు చీకటిపడేదాకా ఊళ్ళో ఆగి ఇళ్ళకు పోయి రండి. నవంబరులో మాత్రం వారం వారం ఆగండి. ఎవరి ఇంటి ముందు మూటలు కడుతున్నారో కళ్ళకు కనిపిస్తుంది.

గది కావాలంటే బ్రోకర్లుండరు. మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడగండి, ఊళ్ళో ఏ గది ఖాళీగా ఉందో ఆమెకు తెలియనిది ఉండదు. అద్దె మాట్లాడుకునే ముందే ఆ వీధికి నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వదులుతారో కనుక్కోండి. మా వీధికి నాలుగు రోజులకొకసారి వస్తాయి. గదిలో చేరిన మొదటి నెల జీతంతో నేను కొన్నది రెండు వందల లీటర్ల డ్రమ్ము.