బుల్ రన్ వార్తకు దినపత్రికా, హార్పర్స్ వీక్లీయా?

అమెరికా అంతర్యుద్ధంలో తొలి పెద్ద పోరు బుల్ రన్, 1861 జూలై 21. ఆనాటి అసలు పత్రికలు సేకరించేవాళ్లు న్యూయార్క్ దినపత్రిక కొనేటట్టయితే 22, 23 తేదీలు రెండూ కలిపి కొనండి. 22న ఉత్తరాది పత్రికలు చాలావరకు గెలిచామనే అచ్చేశాయి. ఓటమి సంగతి మర్నాటి సంచికల్లో వచ్చింది. మజా అంతా ఆ తేడాలోనే.

హార్పర్స్ వీక్లీ అప్పటి బొమ్మల వారపత్రిక. అందులో ఆ వేడి ఉండదు, వార్త ఆలస్యం. కానీ 16 పేజీలు, చెక్కదిమ్మెల మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు. ఫ్రేము కట్టించడానికి ఇదే మేలు. నడిమి జంటపేజీ ఉందో లేదో చూసుకోండి, దాన్ని తీసి విడిగా అమ్మేస్తుంటారు.

రెండింటికీ కాగితమే సాక్షి. అప్పటిది గుడ్డపీలికల గుజ్జుతో చేసింది, ఇప్పటికీ మెత్తగా వంగుతుంది. గోధుమరంగుకు తిరిగి పెళుసుగా విరుగుతుంటే తర్వాతి నకలేమోనని అనుమానించాలి. మడత వెంట కుట్టు రంధ్రాలుంటే కంగారొద్దు, బైండు విప్పిన ప్రతి అది. చిరుగులకు సెల్లోటేపు మాత్రం వేయొద్దు. జిగురు మరక వదలదు.