9 ఎం.ఎం. రౌండ్లు: కొనుక్కోవాలా, ఇంట్లో నింపుకోవాలా?

"మామయ్యా, రీలోడింగ్ ప్రెస్ కొందామనుకుంటున్నా, కొనమంటావా?" అని పోయిన ఆదివారం మా మేనల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. కాల్చేసిన రౌండ్లను, అంటే తూటాలను, ఇంట్లోనే మళ్లీ నింపుకునే యంత్రం అది. గ్రీన్‌కార్డు వచ్చాక 9 ఎం.ఎం. పిస్టల్ కొన్నాడు. నెలకు రెండుసార్లు షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, నెల మొత్తానికి 250 రౌండ్ల దాకా కాలుస్తాడు. నేను టెక్సాస్‌లో ఉన్నన్నాళ్లూ నా రౌండ్లు నేనే నింపుకునేవాణ్ని కాబట్టి నన్నడిగాడు. గుంటూరు బ్రాడీపేటలో మా వరండాలో కూర్చుని, వాడు చెప్పిన రేట్లతో కాగితం మీద లెక్క వేశాను.

రౌండులో ఉండేవి నాలుగు: ఇత్తడి గొట్టం లాంటి కేసింగ్, దాని అడుగున నిప్పు రేపే ప్రైమర్, లోపల మండే పౌడర్, మూతి దగ్గర బయటికి దూసుకుపోయే బుల్లెట్. కాల్చాక మళ్లీ పనికొచ్చేది ఇత్తడి ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి, డై అనే అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, తక్కిన మూడూ కొత్తవి పెట్టడమే రీలోడింగ్. అల్యూమినియం కేసింగ్ దీనికి పనికిరాదు. .22 రిమ్‌ఫైర్ అనే చిన్న రౌండ్లను కూడా ఇంట్లో నింపుకోవడం దాదాపు కుదరదు, వాటి ప్రైమింగ్ మందు కేసింగ్ అంచులోనే ఉంటుంది.

ముందు డబ్బు సంగతి. వాడు కొనే 50 రౌండ్ల డబ్బా 13 డాలర్లు, అంటే రౌండు 26 సెంట్లు. విడిగా కొంటే ప్రైమర్ 8, పౌడర్ 3, బుల్లెట్ 9, మొత్తం 20 సెంట్లు. ఇత్తడి వాడు కాల్చిందే. రౌండుకు మిగిలేది 6 సెంట్లు. ఏడాదికి 3000 రౌండ్లకు 180 డాలర్లు. వాడు చూసిన ప్రోగ్రెసివ్ ప్రెస్ (పనులన్నీ వరసగా చేసుకుపోయేది), డైలు, త్రాసు అన్నీ కలిపి 900 డాలర్లు. పెట్టిన డబ్బు వెనక్కి రావడానికే ఐదేళ్లు! తక్కువ ఖరీదులో, ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ తీసుకోవచ్చు గానీ, దాని మీద నేను గంటకు 60 రౌండ్లు దాటలేదు. 3000 రౌండ్లకు 50 గంటలు. వారమంతా ఆఫీసు, శనివారం పాప స్విమ్మింగ్ క్లాసు ఉన్నవాడికి ఆ 50 గంటలు ఎక్కడివి?

అదే వాడి దగ్గర .44 మ్యాగ్నమ్ రివాల్వర్ ఉంటే నేను వేరే మాట చెప్పేవాణ్ని. దాని 50 రౌండ్ల డబ్బా 45 డాలర్లు, రౌండు 90 సెంట్లు. ఇంట్లో నింపితే 40 సెంట్లకు వస్తుంది. వెయ్యి రౌండ్లకే 500 డాలర్లు మిగులుతాయి, రివాల్వర్‌లో కాల్చిన కేసింగ్‌లు లోపలే ఉండిపోతాయి కాబట్టి ఇత్తడి నేల మీద వెతుక్కునే పని కూడా లేదు. పోటీల్లో కాల్చేవాళ్లకు ఇంకో లాభం ఉంది. అమెరికాలో షూటింగ్ పోటీలు నడిపే యూ.ఎస్.పీ.ఎస్.ఏ. అనే సంఘం పోటీల్లో బుల్లెట్ బరువును గ్రెయిన్లలో (బుల్లెట్ తూచే చిన్న కొలత), వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెంటినీ గుణించి 1000తో భాగిస్తారు. తక్కువ పవర్ తరగతి మైనర్‌కు కనీసం 125, ఎక్కువ పవర్ తరగతి మేజర్‌కు 165 రావాలి. తన పిస్టల్‌కు సరిపడేలా ఆ గీత దాటీదాటనట్టు నింపుకుంటే కుదుపు తగ్గుతుంది. నేను ఏళ్ల తరబడి ఈ పని చేసింది అందుకే, డబ్బు కోసం కాదు.

నాకు అసలు భయం ఇంకొకటుంది. ఒకరోజు రౌండ్లు నింపుతుంటే ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి, ఎక్కడ ఆపానో సరిగా చూసుకోకుండా కొనసాగించాను. ఒక కేసింగ్‌లో పౌడర్ పడలేదు. తర్వాతి వారం రేంజ్‌లో 'టప్' అని చిన్న చప్పుడు వచ్చింది, చేతికి కుదుపు తెలియలేదు. పక్కనున్న రేంజ్ ఆఫీసర్ "ఆపు!" అని అరిచాడు. ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్ మధ్యదాకా తోసి వదిలేసింది. నేను ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కి ఉంటే బ్యారెల్ చేతిలోనే పేలిపోయి ఉండొచ్చు. పౌడర్ రెండుసార్లు పడితే అంతకన్నా ఘోరం. ఆ రోజు ఇంటికొచ్చి, ఆ విడతలో నింపినవన్నీ విప్పేశాను. తర్వాతెప్పుడూ ఫోన్ ఆ గదిలోకి తీసుకెళ్లలేదు.

వాడింట్లో మూడేళ్ల పాప ఉంది. వాడిన ప్రైమర్లలో, కేసింగ్ మసిలో సీసం ఉంటుంది. అది చేతులకు, బట్టలకు అంటి ఇంట్లోకి వస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అపార్ట్‌మెంట్‌లో విడిగా తాళం వేసుకునే గది లేకుండా ఈ పని వద్దని గట్టిగానే చెప్పాను. ఇంట్లో నింపిన రౌండ్ల వల్ల పిస్టల్ పాడైతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు కూడా.

చట్టం సంగతి మన పిల్లలు కొందరికి తెలియదు. ఎఫ్-1, హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు సొంతానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటే మాత్రం కావాలి.

ఇక్కడ మాత్రం ఆ ఆలోచనే వద్దు. 9 ఎం.ఎం. మన దేశంలో నిషిద్ధ బోరు, అంటే మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని సైజు. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేస్తే, 1959 ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా శిక్ష. విజయవాడలో, గుంటూరులో కాల్చడం నేర్చుకోవాలనుకునే పిల్లలకు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చాలు.

చివరికి వాడితో ఏమన్నానంటే, "ఇప్పుడు డబ్బాలే కొనుక్కో. ఇత్తడి మాత్రం పారెయ్యకు, ఒక బకెట్లో వేసి పాపకు అందకుండా పెట్టు. పోటీలకు దిగినా, సొంతిల్లు కొని గది కుదిరినా అప్పుడు మళ్లీ ఫోన్ చెయ్యి." ఇంకో మాట కూడా చెప్పాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగులో బట్టలు సర్దొద్దని. అడుగున ఒక్క రౌండు మిగిలిపోయి గన్నవరం ఎయిర్‌పోర్టులో బయటపడితే, పండగ మూడు రోజులూ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి.