అక్షరం తగ్గాలా, చీటీ పెరగాలా? డిజిటల్ స్టికీ నోట్‌లో ఏది మేలు?

కాగితపు స్టికీ నోట్ మూడంగుళాల చతురస్రం. మార్కర్‌తో రాస్తే ఏడెనిమిది మాటలకే నిండిపోతుంది. ఆ ఇరుకు వల్లే చెప్పదలుచుకున్నది కుదించి రాస్తాం, గది ఆ చివర కూర్చున్నవాళ్లకీ అది కనబడుతుంది. నలుగురూ కలిసి ఇలాంటి నోట్లు అంటించే మిరో, ఫిగ్‌జామ్ లాంటి ఆన్‌లైన్ బోర్డుల్లో కీబోర్డు చేతిలో ఉంటుంది కాబట్టి పేరాలకు పేరాలు కొట్టేస్తాం. అందుకే ఈ డిజిటల్ నోట్‌ను డిజైన్ చేసేవాళ్లు రంగుల సంగతి చూసేముందు ఒకటి తేల్చుకోవాలి. మాటలు ఎక్కువైతే నోట్ ఏం చేయాలి?

ఒక దారి, నోట్ సైజు కదలకుండా ఉంచి అక్షరాలను తగ్గించడం. బోర్డు పొందిగ్గా ఉంటుంది, నోట్లను గుంపులుగా పేర్చడమూ సులువే. ఇంగ్లిష్‌లో దీంతో ఎలాగో నెట్టుకురావచ్చు. తెలుగులో కుదరదు. "రాష్ట్రం" అని రాసి చూడండి. ష చుట్టూ ట వత్తు, ర వత్తు రెండూ ఇరుక్కుని ఉంటాయి. సైజు తగ్గేకొద్దీ ముందు చెదిరిపోయేవి ఆ వత్తులే, ఆ తర్వాత గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు. బోర్డంతా ఒకేసారి చూద్దామని జూమ్ తగ్గిస్తే ఇక గీతలే మిగులుతాయి.

రెండో దారి, అక్షరం సైజు అలాగే ఉంచి నోట్‌ను కిందికి పెంచడం. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, పెరిగిన నోట్ పక్కవాటి మీదికి ఎక్కుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, పెద్ద నోట్‌లో ఉన్నదే ముఖ్యం అనిపించడం. "టెస్టింగ్‌కి టైమ్ చాలట్లేదు" అని మూడు మాటల్లో అసలు సంగతి చెప్పిన నోట్, పది లైన్ల వివరణ పక్కన వెలవెలబోతుంది. ఏ నోట్ ముఖ్యమో తేల్చడానికి ఓట్లు వేసేటప్పుడు కళ్లు పెద్దదాని వైపే పోతాయి.

అయినా నా ఓటు రెండోదానికే, హద్దు పెట్టి. అక్షరం ఒక సైజు కంటే తగ్గకూడదు. నోట్ రెట్టింపు ఎత్తు దాకా పెరగొచ్చు. ఆపైన "ఇంకా ఉంది" అని చూపించి, నొక్కితే తెరుచుకోవాలి. ఇన్ని అక్షరాలే రాయాలని పరిమితి పెడితే సరిపోతుంది కదా అనొచ్చు. "రాష్ట్రం" మన లెక్కలో 2 అక్షరాలు, కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూనికోడ్ లెక్కలో 8. వత్తునూ గుణింతాన్నీ విడివిడిగా లెక్కపెట్టే పరిమితి తెలుగులో రాసేవాళ్లకు అన్యాయం చేస్తుంది.

ఇక రాస్తున్నది అందరికీ అప్పటికప్పుడు కనబడాలా, రాయడం అయ్యాక ఒకేసారి తెరవాలా? ట్రిప్ ప్లానింగ్ లాంటి పనులకు వెంటనే కనబడటమే బాగుంటుంది. ఒకరి మాట చూసి ఇంకొకరికి ఆలోచన వస్తుంది. చేసిన పనిలో ఏది బాగుంది, ఏది బాగోలేదు అని చర్చించుకునే టీమ్ రెట్రో మీటింగ్‌లో మాత్రం దాచి రాయించడమే మేలు. మేనేజర్ నోట్ ముందు పడితే మిగతావాళ్లు దానికే వంత పాడతారు. మిరోలో ఇందుకోసం ప్రైవేట్ మోడ్ ఉంది. పేరు విషయంలో నాకు గట్టి పట్టింపు ఒకటుంది. ఫిగ్‌జామ్ నోట్ అడుగున రాసినవాళ్ల పేరు చూపిస్తుంది, కావాలంటే దాచొచ్చు. ఎవరు డిజైన్ చేసినా సరే, పేరు కనబడదన్న భరోసాతో రాసిన నోట్ మీద తర్వాత ఎవరు ఏ సెట్టింగ్ మార్చినా పేరు బయటపడకూడదు. ఒక్కసారి బయటపడిందంటే ఆ టీమ్‌లో మళ్లీ ఎవరూ మనసు విప్పి రాయరు.

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) గదుల్లో నోట్లు చూసేవాళ్ల వైపు తిరుగుతూ ఉండటం కంటే గోడకు అంటుకుని ఉండటమే నయం. అప్పుడే "ఆ తలుపు పక్కన ఉన్నది" అంటే అందరికీ ఒకటే అర్థమవుతుంది. హెడ్‌సెట్ పెట్టుకుని గాల్లో టైప్ చేయడం నరకం కాబట్టి మాట్లాడితే నోట్ తయారవ్వాలి.

చివరిది, బోర్డులో ఉన్నదాన్ని ఫైల్‌గా బయటికి తీసుకోవడం. ఇలాంటి ఆన్‌లైన్ బోర్డే అయిన గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబర్ 31తో ఆగిపోయింది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పీడీఎఫ్‌లో బోర్డు రూపం అచ్చం అలాగే ఉంటుంది గానీ, అందులోంచి తెలుగు కాపీ చేస్తే చాలాసార్లు అక్షరాలు చెల్లాచెదురవుతాయి. నోట్‌లోని మాటలు, రంగు, గుంపు, ఓట్లు వరుసగా ఉండే ఎక్సెల్ షీట్ చూడ్డానికి అందంగా ఉండదు. రెండిట్లో ఒకటే ఇవ్వగలిగితే షీటే ఇవ్వాలి.