గోధుమకు మైకోరైజా గుళికలు: 4 కిలోల సంచి బెట్టను ఎంత ఆపుతుంది?

మైకోరైజా అంటే పంట వేళ్లలో చేరి బతికే మేలుచేసే శిలీంధ్రం. ఆ గుళికలు ఎకరానికి 4 కిలోల సంచి చాలని దుకాణంలో అంటారు. లెక్క వేసి చూద్దాం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాముకు కనీసం 100 బతికున్న శిలీంధ్ర బీజాలుండాలి. అంటే సంచికి 4 లక్షలు. ఎకరానికి వేసే 40 కిలోల గోధుమలో, వెయ్యి గింజలు 40 గ్రాములు తూగితే, 10 లక్షల గింజలుంటాయి. రెండున్నర గింజలకు ఒక్క బీజం అన్నమాట! అలాంటిదాన్ని యూరియాలో కలిపి పైన చల్లితే డబ్బు దండగే. ఈ శిలీంధ్రం బతికున్న వేరు లేకుండా పెరగదు. విత్తనంతో పాటు సాలులోనే, 4–5 సెం.మీ. లోతున పడాలి. నీడలో ఆరబెట్టి జల్లించిన 50 కిలోల వర్మీకంపోస్టులో కలిపి, సీడ్ డ్రిల్ ఎరువు పెట్టెలో పోయండి. కంపోస్టు తడిగా ఉంటే గొట్టాలు పూడుకుపోతాయి, సగం సాళ్లు ఖాళీగా పోతాయి.

సరిగ్గా పడితే ఉపయోగం నిజమే. వేరు నూగు దూరని సన్నని సందుల్లోకి శిలీంధ్రపు పోగులు వెళ్తాయి. నేల ఆరినప్పుడు కదలని భాస్వరాన్ని లాగి తెస్తాయి. అయితే వేరులో స్థిరపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి విత్తిన 20–25 రోజుల తడిని మానుకోకూడదు. "ఒక తడి మిగులుతుంది" అని అమ్మేవాళ్లు చెప్పినా, ఆ మాట ఈ తడికి వర్తించదు. పొట్ట దశ నుంచి పాలు పోసుకునే దాకా వచ్చే బెట్టలోనే దీని అండ.

పనిచేయకపోతే ముందు డీఏపీని అనుమానించాలి. భాస్వరం దండిగా దొరికితే మొక్క శిలీంధ్రాన్ని దరి చేరనివ్వదు. భూసార పరీక్షలో హెక్టారుకు 25 కిలోలు దాటితే సంచి కొనొద్దు. తక్కువుంటే భాస్వరం పావు వంతు తగ్గించి వేయండి. శిలీంధ్రాలను చంపే కార్బెండజిమ్ మందుతో విత్తనశుద్ధి కూడా దెబ్బే. బదులుగా కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) పట్టించవచ్చు. కాటుక తెగులును మాత్రం అది నమ్మకంగా ఆపదు, ధ్రువీకరించిన విత్తనమే వాడాలి.

సోయా కోసిన నల్లరేగడిలో స్థానిక శిలీంధ్రాలు ఎలాగూ ఉంటాయి, తేడా పెద్దగా కనబడదు. ఆవాల తర్వాత, బీడు తర్వాత, చల్కా నేలల్లో ఫలితం మెరుగు.

బెట్టకు నీటిని పీల్చి దాచే పొడిగా అమ్మే హైడ్రోజెల్ సంగతి? కిలో పొడి 350 రెట్లు పీల్చినా 350 లీటర్లే. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు నీరంటేనే 4,000 లీటర్లు. ఆ డబ్బుతో పశువుల ఎరువు తోలించడం మేలు.

సంచి మీద గ్రాముకు బీజాల సంఖ్య, గడువు తేదీ చూడండి. హ్యూమిక్, సముద్రపు నాచు పేర్లే పెద్దగా ఉంటే ఆకు పచ్చబడటం వాటి పుణ్యమే కావచ్చు. పోల్చుకోవడానికి గుళికలు లేని కొన్ని సాళ్లు వదలండి. వాటినే ముందు విత్తాలి, లేదంటే పెట్టెలో మిగిలినవి అక్కడా రాలతాయి.